భవ్య ఫొటోకి దండ వేసిందెవరు?

బతికున్న పిల్ల ఫొటోకి దండ వేసి ఉంది.

నిన్న సాయంత్రమే ఆ పిల్ల ఈ నెట్ సెంటర్లో తిరిగే కుర్చీ ఎక్కి గిరగిరా తిరిగింది. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద, ముందుపళ్ళు రెండూ ఊడిన దాని నవ్వు చుట్టూ కనకాంబరాల మాల. కింద ఒక్క వాక్యం: "మన భవ్య ఈ ఉదయం మనల్ని విడిచి వెళ్ళిపోయింది."

పెట్టిన మనిషి పేరు శ్రేయోభిలాషి. ముఖం ఉండాల్సిన చోట తామరపువ్వు బొమ్మ.

నెట్ సెంటర్ నడిపే భానుశ్రీ స్కూటీ తాళం అందుకుంది. జిరాక్సు కోసం నిలబడ్డ మనిషి "ఏమండీ, నా రేషన్ కార్డూ..." అంటున్నా వినిపించుకోలేదు.

ఆమె సామర్లకోట స్టేషన్ రోడ్డు మీంచి పంచదార ఫ్యాక్టరీ వైపు వెళ్ళే ఆ కాస్సేపట్లో అసలు సంగతి చెప్పేస్తాను.

అది 2006 జూన్ నెల. ఫేస్‌బుక్ అనే మాట మన ఊళ్ళలో ఇంకా ఎవరికీ తెలియదు. ఆర్కుట్‌దే రాజ్యం. అందులో 'మన సామర్లకోట' అనే గుంపును భానుశ్రీ, ఆమెకు హైస్కూల్లో సైన్సు చెప్పిన గోపాలకృష్ణమూర్తి మాస్టారు కలిసి నడిపేవారు. రిటైరయ్యాక కంప్యూటర్ కొనుక్కుని ఒంటి వేలితో టైపు నేర్చుకున్న మనిషాయన. హైదరాబాదులో, బెంగుళూరులో, కువైట్‌లో ఉన్న ఊరివాళ్ళంతా ఆ గుంపులో చేరి, స్టేషన్ బయట పుణుగుల బండి ఇంకా ఉందా అని అడుగుతుండేవారు. మూడు నెలల కిందట మాస్టారు అందులో ఒక ఫొటో పెట్టారు. ఆటో నడిపే పెదబాబు కూతురు భవ్య. ఆరేళ్ళు. గుండెలో చిల్లు. నాలుగడుగులు పరిగెత్తితే చాలు, పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేవి.

ఫొటోతో పాటు మాస్టారు ఒక నియమం పెట్టారు. ఒక మనిషి, ఒక వంద. అంతకు మించి ఎవరూ ఇవ్వకూడదు. "వేలకి వేలు ఇచ్చినవాడు గుడిలో ఫ్యాను మీద రాయించుకున్నట్టు పేరు రాయించుకుంటాడు. వంద ఇచ్చినవాడు పిల్ల ఎలా ఉందని అడుగుతాడు," అన్నారాయన. కువైట్‌లో ఉన్నవాడు ఊళ్ళో తమ్ముడికి ఫోన్ చేసి, పిల్ల పేరున తెరిచిన బ్యాంకు ఖాతాలో వేయించేవాడు. వేశాక గుంపులో 'వేశాను' అని ఒక్క మాట. పొద్దున్నే షట్టర్ తీసి ఆ మాటలు చదువుకోవడం భానుశ్రీకి అలవాటైపోయింది.

హైదరాబాదు ఆసుపత్రి వచ్చే సోమవారం ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది. శనివారంలోగా మొత్తం కట్టాలి. ఇంకా మూడో వంతు రావాలి. కట్టకపోతే ఆ తేదీ ఇంకో పిల్లకి పోతుంది. మళ్ళీ ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేరు. ఇవాళ మంగళవారం.

స్కూటీ ఆగింది.

భవ్య గుమ్మంలో కూర్చుని మామిడిపండు జుర్రుకుంటోంది. మోచేతుల దాకా రసం.

"ఆంటీ, టెంక మాత్రం అడక్కండి. అది నాదే."

భానుశ్రీ స్కూటీ దిగింది. గుమ్మం పక్కనే కూలబడింది. లోపల్నించి భవ్య తల్లి సత్యవేణి వచ్చి, "ఏంటండీ అలా అయిపోయారు? ఎండనపడి వచ్చారా? మజ్జిగ తెస్తానుండండి," అంది. భానుశ్రీ మజ్జిగ తాగింది కానీ సంగతి చెప్పలేకపోయింది. ఏ తల్లితోనైనా ఆ మాట ఎలా అనడం?

అక్కణ్ణించి తిన్నగా మాస్టారింటికి వెళ్ళింది. ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. చేతిలో పేపరుంది. కళ్ళజోడు మాత్రం నుదుటి మీద ఉంది.

"మాస్టారూ, గుంపులో చూశారా?"

"చూశాను."

"ఇప్పుడే పిల్లని చూసొస్తున్నానండి. నిక్షేపంలా ఉంది. మామిడిపండు తింటోంది."

"తింటోందా? మంచిది, మంచిది." ఆయన ముందుకు వంగారు. "ఎంతమంది ఏడ్చారు?"

"ఏంటండీ?"

"అదే... గుంపులో. ఎంతమంది బాధపడ్డారు?"

"డెబ్భై ఎనభై మంది రాశారండి. కువైట్‌లో ఏసురాజైతే ఇవాళ పనిలోకి కూడా పోనన్నాడు."

"ఎనభై మందా!" ఆయన నెమ్మదిగా వెనక్కి వాలారు.

ఎవరు చేశారని అడుగుతారనుకుంది. అడగలేదు. పోలీసులకి చెబుదామంటే మాత్రం నిటారుగా లేచి కూర్చున్నారు. "పోలీసులెందుకమ్మాయ్? బతికే ఉందని సాయంత్రం నేనే పెడతాను. నెమ్మదిగా."

"సాయంత్రం దాకానా? భలేవారండీ. ఇప్పుడే పెట్టేస్తాను."

నెట్ సెంటర్‌కి వచ్చి, ఆ దండ ఫొటోని తన కంప్యూటర్లో దాచుకుని, గుంపులోంచి తీసేసింది. "భవ్య క్షేమం. ఇది ఎవరో దుర్మార్గుడు చేసిన పని. పోలీసులకు ఫిర్యాదు చేస్తున్నాం" అని పెట్టింది. అంతటితో గొడవ వదిలిపోతుందనుకుంది.

అప్పుడే మొదలైంది.

మధ్యాహ్నానికి 'వేశాను' అనే మాట ఆగిపోయింది. దాని బదులు ప్రశ్నలు. "పొద్దున పోయింది, పదకొండింటికి బతికింది. రేపేం చేస్తుందండీ, సినిమాల్లో వేస్తుందా?" అని ఒకడు. "అసలు పిల్లంటూ ఉందా?" అని ఇంకొకడు. భానుశ్రీ కెమెరా పట్టుకెళ్ళి, భవ్య చేతికి ఆ రోజు పేపరిచ్చి, కిడ్నాపర్లు తీసినట్టు ఫొటో తీసి పెట్టింది. "పేపరు అతికించారు, అంచు చూడండి" అని దానికీ వంక పెట్టారు.

సాయంత్రం ముసలయ్య అనే పెద్దాయన నెట్ సెంటర్ మెట్లెక్కి వచ్చాడు. కువైట్‌లో ఉన్న కొడుకు తరఫున డబ్బు వేసిన మనిషి.

"అమ్మాయిగారూ, మా వాడి వంద వెనక్కిచ్చేయమన్నాడండి."

"పిల్ల బతికే ఉంది బాబాయ్. మీ వీధికి రెండు వీధుల అవతలే కదా, వెళ్ళి చూసుకోండి."

"నేను చూస్తే ఏం లాభమండీ? నమ్మాల్సింది కువైట్‌లో వాడు."



శ్రేయోభిలాషి ఎవరు? భానుశ్రీ ఆ పేరు మీద నొక్కి చూసింది. ఆ ఉదయమే పుట్టిన ఖాతా. స్నేహితులు లేరు. ఊరు లేదు, వయసు లేదు. 'మీ గురించి' అని అడిగిన చోట మాత్రం ఒకే మాట ఉంది. క్షమించండి.

భయం సగం తగ్గి, దాని స్థానంలో కుతూహలం వచ్చి కూర్చుంది. చంపడానికి ముందే క్షమాపణ చెప్పుకున్న హంతకుణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు.

బుధవారం పొద్దున్నే బెంగుళూరు నుంచి మహేంద్ర ఫోన్ చేశాడు. బజార్లో హోల్‌సేల్ కిరాణా కొట్టు వాళ్ళబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. గుంపులో ప్రతిదానికీ అడ్డం తిరిగే మనిషి. నిజం చెప్పాలంటే భానుశ్రీ అనుమానం అతని మీదే.

"నా మీదే కదండీ మీ డౌటు?" అన్నాడు హలో కూడా అనకుండా.

"మరి మొదటి రోజు నుంచీ లెక్కలడిగింది మీరే కదండీ."

"లెక్కలడిగినవాడు ఖూనీలు చెయ్యడండీ. వాడికంత తీరికుండదు. చూడండి భానుశ్రీగారూ, మా ఆఫీసులో నలభై మంది చేత నేను వేయించాను. సగం మంది కన్నడంవాళ్ళు. మన ఊరు మ్యాపులో ఎక్కడుందో కూడా తెలీదు వాళ్ళకి. ఇప్పుడు క్యాంటీన్లో నన్ను చూసి నవ్వుతున్నారు."

"పిల్ల ఫొటో పేపరుతో సహా పెట్టానుగా?"

"ఫొటోలు పెట్టకండి. ఎవరు చంపారో చెప్పండి. అప్పుడు బతికుందని నమ్ముతాం."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే అది మీరేననుకుంటారు. నేనూ అదే అనుకుంటాను. సారీ అండి."

ఫోన్ పెట్టేసేసరికి గుమ్మంలో సత్యవేణి నిలబడి ఉంది. కొంగు నడుముకి బిగించి ఉంది.

"ఏంటండీ ఇదీ? పక్కవీధి అప్పాయమ్మగారు ఏడుస్తా వచ్చేరు మా ఇంటికి. ఆవిడ కొడుకు హైదరాబాదు నించి ఫోన్ చేసేడంట. తలుపు తీసిందెవరనుకున్నారు? మా భవ్యే. 'ఎవరు చచ్చిపోయారు మామ్మా?' అని అడిగింది. ఆవిడ అక్కడే విరుచుకు పడిపోయింది. పరామర్శకొచ్చినావిడకి మేమే సోడా కొట్టించి తాగించాం!"

ఇక దాచి లాభం లేదు. భానుశ్రీ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, సంగతంతా చెప్పి, దాచుకున్న ఫొటో తెరిచింది.

సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  తర్వాత తెరకి దగ్గరగా వంగింది.

"ఈ బుగ్గ మీద చుక్కేంటండీ?"

భానుశ్రీ చూసింది. నిజమే, కుడి బుగ్గ మీద నల్లటి చుక్క. మొదట్లో మాస్టారు గుంపులో పెట్టిన ఫొటోని పక్కనే తెరిచింది. అదే నవ్వు, అదే గౌను. చుక్క మాత్రం లేదు. పెద్దది చేసి చూస్తే ఇంకో సంగతి తేలింది. ఇది కంప్యూటర్లో చేసిన పని కాదు. కాగితం మీద అచ్చు తీయించి, అద్దం ఫ్రేము కట్టించిన ఫొటోకి నిజమైన మాల వేసి, దాన్ని మళ్ళీ ఫొటో తీశారు. ఆ చుక్క అద్దం మీద ఉంది. వేలితో అద్దినప్పుడు కొంచెం చెదిరింది కూడా.

"దిష్టి చుక్కండీ ఇది." సత్యవేణి గొంతులో కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. "పోయినోళ్ళ ఫొటోకి కుంకం బొట్టు పెడతారు. దిష్టి చుక్క ఎవరు పెడతారండీ? పోయినోళ్ళకి ఇంకెవరి దిష్టి తగులుద్ది?"

భానుశ్రీ పూల వైపు చూసింది. మాల సంగతీ అంతే. చనిపోయినవాళ్ళ ఫొటోకి గంధపు చెక్కల దండో, బంతిపూల దండో వేస్తారు. ఇవి కనకాంబరాలు. ఆడపిల్ల జడలో పెట్టే పూలు.

పిల్ల పోయిందని లోకానికి చెబుతూనే, ఆ పిల్లకి దిష్టి తగలకూడదని చూసుకున్న మనిషి. అంటే శత్రువు కాదు. ఆ పిల్లంటే ప్రాణం పెట్టే మనిషి. మరి అలాంటి మనిషికి ఈ పని ఎందుకు?

"ఈ ఫొటో మీ ఇంట్లో ఉందా సత్యవేణీ? ఫ్రేము కట్టింది?"

"మాకెక్కడిదండీ? మాస్టారుగారు వాళ్ళింట్లో తీసేరు కదా. కంప్యూటర్లో చూడ్డమే. కాగితం మీద మేమెప్పుడూ చూడలేదు."

ఎంతమంది ఏడ్చారు? ఆ ప్రశ్న భానుశ్రీ చెవిలో మళ్ళీ వినిపించింది.

మాస్టారి వసారాలో ఆయన భార్య అన్నపూర్ణమ్మ బెండకాయలు తరుగుతోంది.

"రామ్మా భానూ. ఆయన గదిలో ఉన్నారు. నిన్నట్నించీ అన్నం సరిగ్గా తినట్లేదు. ఆ కంప్యూటర్ ముందు కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. అందులో ఏం పెట్టుకున్నారో ఏంటో."

"పిన్నిగారూ, మీ దొడ్లో కనకాంబరాలు పూస్తున్నాయా?"

"విరగబూస్తున్నాయి. పూస్తే నాకేం లాభం? పెళ్ళయిన నాటి నుంచీ నాకొక మూర మాల తెచ్చివ్వని మనిషి, నిన్న తెల్లారేసరికి దొడ్లో దిగి పూలు కోసుకొచ్చి, మాల కట్టమన్నారు. ఎవరికండీ అంటే దేవుడికన్నారు. ఈయనకి దేవుడేంటమ్మా? వినాయక చవితికి గుంజీలు తియ్యమంటే, తియ్యకపోతే ఏమవుతుందో రుజువు చూపించమంటారు!"

గది తలుపు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఇద్దరూ చూడలేదు.

"అన్నపూర్ణా, నువ్వు లోపలికి వెళ్ళు."

"ఎందుకూ? నా మాల సంగతేగా మాట్లాడుకునేది. నేనూ వింటాను." ఆవిడ బెండకాయ పక్కన పెట్టి ఇంకా గట్టిగా కూర్చుంది.

భానుశ్రీ ఒకే మాట అడిగింది. "ఎందుకండీ?"

మాస్టారు పడక్కుర్చీలో కూర్చోలేదు. దాని చెయ్యి పట్టుకుని నిలబడ్డారు.

"సోమవారం సాయంత్రం నీ నెట్ సెంటర్ నుంచి భవ్య ఇటే వచ్చింది. దొడ్లో ఆడుకుంటోంది. కాకి వచ్చి నెత్తి మీద తన్నింది."

"అయ్యో!" అన్నపూర్ణమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "నాతో ఒక్క ముక్క అనలేదేం?"

"అంటే నువ్వు నవగ్రహాల చుట్టూ తిరగడానికి బయల్దేరతావు. కాకి ఎందుకు తంతుందో నాకు తెలుసు. ఆ కొబ్బరిచెట్టు మీద గూడుంది, అందులో పిల్లలున్నాయి. దగ్గరికెళ్ళిన ఎవర్నయినా తంతుంది. కిందనించి చూసి, గూడు ఉందని రూఢి చేసుకునే లోపలికొచ్చాను." ఆయన గొంతు తగ్గింది. "రూఢి చేసుకున్నాక కూడా నిద్ర పట్టలేదమ్మాయ్. వారంలో ఆ పిల్ల గుండె కోస్తారు. ఈ వారమే తన్నాలా అది?"

అన్నపూర్ణమ్మ బెండకాయల పళ్ళెం పక్కకి నెట్టింది.

"మా చిన్నప్పుడు మా నాన్నని కాకి తన్నింది. మా నాయనమ్మ వెంటనే పిఠాపురంలో ఉన్న మా మేనత్తకి చావు కబురు పంపింది. ఆవిడ నిజమనుకుని ఏడిస్తే దోషం పోతుంది, తర్వాత బతికే ఉన్నాడని చెప్పొచ్చు. అదీ పద్ధతి. మా అత్త గుండెలు బాదుకుంటూ బస్సు దిగింది. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్న అన్నయ్యని చూసి, చేతిలో సంచీతో వీపు చిట్లగొట్టింది. మా నాన్న ఎనభై దాటి బతికాడు. దానికీ దీనికీ సంబంధం లేదు. లేదని నాకు తెలుసు."

"తెలిసీ?"

"తెలిసీ. భవ్యకి అలా ఏడ్చే చుట్టాలెవరున్నారు? తల్లికి చెబితే ఆ తల్లి గుండె ఆగుతుంది. అప్పుడు మన గుంపు గుర్తొచ్చింది. వందేసి రూపాయలిచ్చి, రోజూ పిల్ల ఎలా ఉందని అడిగేవాళ్ళు. వాళ్ళకంటే చుట్టాలెవరమ్మా? నా బల్ల మీదున్న ఫొటోకే దండ వేశాను. వేశాక చూడలేకపోయాను. మీ పిన్ని కాటుక భరిణె తీసి చుక్క పెట్టాను. సాయంత్రానికల్లా నేనే నిజం చెప్పేద్దామనుకున్నాను. నువ్వు ముందే పెట్టేశావు. దుర్మార్గుడన్నావు, పోలీసులన్నావు. నాకు నోరు పెగల్లేదు."

"నాకు చెబితే సరిపోదు మాస్టారూ. 'వేశాను' అన్న మాట కనిపించి ఒక రోజు దాటింది. ఎవరు చంపారో తెలిస్తే గానీ బతికుందని నమ్మమంటున్నారు. ఇవాళ బుధవారం."

"శ్రేయోభిలాషి పేరుతోనే పెట్టేస్తే?"

"ఆ తామరపువ్వు మాట ఎవరు నమ్ముతారండీ?"

ఆయన భార్య వైపు చూశారు. ఈ ఊళ్ళో ఆయన దగ్గర సైన్సు చదవనివాళ్ళు తక్కువ. కాకి తన్నిందని భయపడ్డ సైన్సు మాస్టారనే మాట రైల్వే గేటు దగ్గర్నించి కువైట్ దాకా పాకడానికి ఒక్క పూట చాలు.

"పదండి," అంది అన్నపూర్ణమ్మ. "నన్ను మాత్రం గుడికి వెళ్ళనివ్వరు. మీరు చేసినదానికంటే అదే నయం కదా?"

ఆయన గదిలోకి నడిచారు. కీబోర్డు మీద వేలు పెట్టారు. మళ్ళీ తీసేశారు. పక్కకి జరిగి, కుర్చీ భానుశ్రీ వైపు తోశారు.

"నువ్వు కొట్టమ్మా. నేను చెబుతాను. పైన నా పేరు పూర్తిగా పెట్టు. పక్కన రిటైర్డ్ సైన్సు మాస్టారు అని కూడా పెట్టు. ఆ ముక్క వదిలెయ్యకు."

భానుశ్రీ కొట్టింది. ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్టు వైపు చూస్తూ మొదలుపెట్టారు.

"భవ్య బతికే ఉంది. ఫొటోకి దండ వేసింది నేను. శ్రేయోభిలాషిని నేనే. పిల్లని కాకి తన్నింది. గూడు దగ్గరుంటే కాకి తంతుందని మీలో సగం మందికి పాఠం చెప్పింది కూడా నేనే. అయినా భయపడ్డాను. మీరంతా ఏడిస్తే గండం గడుస్తుందనుకున్నాను. మీరు ఏడ్చారు. ఏసురాజు పని మానుకున్నాడు. మీ కన్నీళ్ళు అడిగి తీసుకోవాల్సింది, మోసం చేసి తీసుకున్నాను. భానుశ్రీకి గానీ, పెదబాబుకి గానీ, సత్యవేణికి గానీ ఇందులో ఏమీ తెలియదు. సోమవారం ఆపరేషన్. శనివారంలోగా కట్టకపోతే ఆ తేదీ పోతుంది. పోతే కాకి వల్ల పోయినట్టు కాదు, నా వల్ల పోయినట్టు. మా ఇంటి ఫోన్ నెంబరు కింద ఇస్తున్నాను. నన్ను తిట్టండి. ఫోన్ చేసి తిట్టండి, ఇక్కడ రాసి తిట్టండి, ఊరొచ్చినప్పుడు ఇంటికొచ్చి తిట్టండి. కానీ ముందు వంద వేసి, ఆ తర్వాత తిట్టండి."